సోనా బోటు ఇంజిన్‌కి టర్బో పెట్టాలా? ముందు గాలి లెక్క చూద్దాం

తమ్ముడూ, నువ్వు అడిగింది క్లుప్తంగా ఇదీ. వల లాగుతూ వేటాడే మీ సోనా బోటులో ఆరు సిలిండర్ల పాత డీజిల్ ఇంజిన్ ఉంది, టర్బో లేదు. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మీ పక్కన కట్టే బోటుకీ దాదాపు అదే సైజు ఇంజిన్, కాని దానికి టర్బో ఉంది. వల లాగేటప్పుడు వాళ్ళ బోటు బరువు తెలియనట్టు పోతుంటే మీది నల్లపొగ కక్కుతూ ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) పడిపోతోంది. లోపలికి గాలి తోసినంత మాత్రాన అంత బలం ఎక్కడి నుంచి వస్తుంది? ఈ వేట నిషేధంలో మీ ఇంజిన్‌కీ ఒక సెకండ్ హ్యాండ్ టర్బో బిగించేస్తే సరిపోదా?

బిగించొద్దు. ఎందుకొద్దో నీకు మనసుకి ఎక్కాలంటే టర్బో చేసే పనేమిటో మొదటి నుంచీ చెప్పాలి. అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను, ఓపిగ్గా చదువు. నేను రైల్వే డీజిల్ ఇంజిన్ల మీద పని నేర్చుకున్నవాణ్ణి. ఆ తర్వాత ముప్పై ఏళ్ళుగా బోటు ఇంజిన్లు, గాజువాక ఆటోనగర్ వైపు లారీ ఇంజిన్లు విప్పుతూ బిగిస్తూనే ఉన్నాను. ఏప్రిల్ 15న వేట ఆగి బోట్లు జెట్టీకి చేరగానే, జూన్ 14 దాకా ఉండే ఆ 61 రోజుల్లో, నీ ప్రశ్నే ఎవరో ఒకరు నన్ను అడుగుతారు.

డీజిల్ ఇంజిన్‌కి డీజిల్ ఎక్కువ తాగించడం పెద్ద పని కాదు. పంపు స్క్రూ కాస్త తిప్పితే సిలిండరులోకి డీజిల్ చిమ్మే నాజిల్ ఇంకాస్త పోస్తుంది. చిక్కంతా గాలి దగ్గరే. ఒక కిలో డీజిల్ పూర్తిగా మండాలంటే సుమారు 14.5 కిలోల గాలి కావాలి. మన ఊళ్ళో 30 డిగ్రీల వేడిలో ఒక ఘనపు మీటరు గాలి 1.16 కిలోలు తూగుతుంది. అంటే ఆ 14.5 కిలోల గాలి పన్నెండున్నర వేల లీటర్లు. కిలో డీజిల్ లీటరుంపావు కూడా ఉండదు, ఒక సీసాలో పట్టేస్తుంది. దానికి తోడు వెళ్ళాల్సిన గాలికి మాత్రం వేసవిలో కాలనీలకొచ్చే పెద్ద నీళ్ళ ట్యాంకరంత చోటు కావాలి. ఆ గాలిలో కూడా మంటకి పనికొచ్చే ఆక్సిజన్ బరువులో 23 శాతమే. మిగతాది దాదాపు అంతా నైట్రోజన్, ఊరికే లోపలికొచ్చి వేడెక్కి బయటికి పోతుంది.

ఇప్పుడు నీ ఇంజిన్ సంగతి. ఆరు సిలిండర్లూ కలిపి ఆరు లీటర్లు అనుకుందాం, 2000 ఆర్‌పీఎం మీద నడుస్తోంది అనుకుందాం. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ కాబట్టి ప్రతి సిలిండరూ రెండు చుట్లకి ఒకసారి గాలి పీలుస్తుంది. అంటే నిమిషానికి వెయ్యి సార్లు, మొత్తం ఆరు వేల లీటర్లు. ఒక్కో సారి పీల్చడానికి పిస్టన్‌కి దొరికే సమయం సెకనులో వెయ్యో వంతులు 15 మాత్రమే. అంత తొందరలో ఫిల్టరు దాటి, సిలిండర్లకి గాలి పంచే గొట్టం, అంటే మానిఫోల్డు, వంపులు తిరిగి, వాల్వు సందులోంచి దూరి వచ్చే గాలి సిలిండరుని పూర్తిగా నింపదు. 85 శాతం నింపితే గొప్ప. లెక్క కడితే నిమిషానికి ఆరు కిలోల గాలి వస్తుంది.

ఆరు కిలోలని 14.5తో భాగించి అంత డీజిల్ పోసేయొచ్చా? కుదరదు. పెట్రోల్ ఇంజిన్‌లో గాలి, ఇంధనం ముందే కలిసి వస్తాయి. డీజిల్‌లో నాజిల్ చిమ్మిన తర్వాత, మంట మొదలయ్యాక కూడా, ప్రతి తుంపరా తన పక్కనున్న గాలిని వెతుక్కోవాలి. దొరకని తుంపర సగం కాలి మసి అవుతుంది. నువ్వు చూస్తున్న నల్లపొగ అదే, డబ్బు పెట్టి కొన్న డీజిల్ గాలి చాలక బొగ్గై పోవడం. అందుకే టర్బో లేని ఇంజిన్‌లో కిలో డీజిల్‌కి 20 కిలోల గాలి చొప్పునైనా ఉంచాలి. ఆ లెక్కన డీజిల్ నిమిషానికి 300 గ్రాములు, గంటకి 18 కిలోలు, లీటర్లలో చెబితే 21, 22. దాన్నుంచి వచ్చేది సుమారు 105 హార్స్‌పవర్. నీ ఇంజిన్ ప్లేటు మీదా ఇలాంటి అంకే ఉంటుంది చూడు. దాన్ని ఖాయం చేసింది ఆ ఆరు కిలోల గాలే. పంపు స్క్రూ ఎంత తిప్పినా ఆ హద్దు దాటాక వచ్చేది పొగ, వేడి.

మన అమ్మమ్మలు కట్టెల పొయ్యి పొగచూరితే ఊదుగొట్టం తీసుకునేవాళ్ళు, ఇంకో కట్టె పెట్టేవాళ్ళు కాదు. కమ్మరి కొలిమికి తిత్తి ఉన్నదీ ఇందుకే. బలవంతంగా గాలి తోసే పని ఇంజిన్‌కి కొత్త కావచ్చు గాని నిప్పుకి పాతదే.

తిత్తి ఊదడానికి ఒక మనిషి కావాలి కదా. ఇంజిన్‌లో ఆ మనిషి ఎవరనే దాంట్లోనే తెలివంతా ఉంది. ఒక దారి, ఇంజిన్ ప్రధాన షాఫ్టు అయిన క్రాంకు నుంచి బెల్టుతోనో గేరుతోనో గాలి పంపు తిప్పడం. దీన్ని సూపర్‌ఛార్జర్ అంటారు. యాక్సిలరేటర్ తొక్కిన క్షణంలోనే గాలి వస్తుంది, కాని ఆ పంపు తిప్పే బలం ఇంజిన్ జేబులోంచే పోతుంది. టూ స్ట్రోక్ డీజిళ్ళకి ఇలాంటి బ్లోయరు తప్పనిసరి, ఎందుకంటే వాటికి సొంతంగా పీల్చుకునే స్ట్రోకే లేదు.

రెండో దారి ఆల్‌ఫ్రెడ్ బూషి అనే స్విట్జర్లాండ్ ఇంజనీరుది. ఇంజిన్ ఊరికే పారేస్తున్న ఎగ్జాస్ట్‌తో ఆ పని చేయించొచ్చని ఆయన 1905లోనే పేటెంటు తీసుకున్నాడు. నువ్వు వంద రూపాయల డీజిల్ పోస్తే 35, 40 రూపాయలు షాఫ్టుకి చేరతాయి, ముప్పై రూపాయల దాకా సైలెన్సర్‌లోంచి వేడిగా పోతాయి, మిగతాది నీళ్ళలోకి, ఆయిల్లోకి, ఇంజిన్ రూము గాల్లోకి. ఆ ముప్పైలో కొంత వెనక్కి తెచ్చుకోవడం ఆయన ఆలోచన. అప్పటికి అంత వేడిని, అంత వేగాన్ని తట్టుకునే లోహాలు, బేరింగులు లేవు. ఇరవై ఏళ్ళు పట్టింది. 1925లో డీజిల్ ఇంజిన్ మీద అది నిలబడి పనిచేసింది, అదీ ఓడల ఇంజిన్ల మీదే. అంటే టర్బో పుట్టిల్లు సముద్రమే, లారీల్లోకి తర్వాత వచ్చింది.

టర్బో విప్పితే లోపల పెద్దగా ఏమీ కనపడదు. ఒక షాఫ్టు, దానికి రెండు చివర్లా రెండు చక్రాలు. ఒక చక్రం ఎగ్జాస్ట్ దారిలో కూర్చుంటుంది. 500, 600 డిగ్రీల వేడిలో బయటికి దూసుకొచ్చే పొగ దాన్ని తిప్పుతుంది. రెండోది ఫిల్టరు వైపు ఉంటుంది, అది తిరుగుతూ గాలిని లాగి, నొక్కి, మానిఫోల్డులోకి తోస్తుంది. ఇంజిన్ క్రాంకుకీ ఈ షాఫ్టుకీ ఏ గేరూ లేదు, బెల్టూ లేదు. లారీ సైజు టర్బో లోడు మీద నిమిషానికి లక్ష చుట్లు తిరుగుతుంది. నీ ఇంజిన్ ఒక్క చుట్టు తిరిగేలోపు అది యాభై చుట్లు తిరిగేస్తుంది. అంత వేగానికి మామూలు బేరింగు నిలవదు. కంచు బుష్‌ల లోపలా బయటా పల్చటి ఆయిల్ పొర ఉంటుంది, షాఫ్టు దాని మీద తేలుతూ తిరుగుతుంది. ఆ పొర వెంట్రుక మందం కూడా ఉండదు. ఈ మాట గుర్తుంచుకో, చివర్లో మళ్ళీ వస్తాను.

మన చుట్టూ ఉన్న గాలి ప్రెషరు దాదాపు ఒక బార్. దాని మీద ఇంకో బార్ పెడితే గాలి రెట్టింపు అయినట్టేనా? అలా కాదు. సైకిల్ ట్యూబుకి గాలి కొట్టినప్పుడు పంపు కింది భాగం ముట్టుకుని చూశావా? కాలుతుంది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. టర్బోలోకి 30 డిగ్రీల మీద వెళ్ళిన గాలి ఒక బార్ ఎక్కువ ప్రెషరుతో బయటికొచ్చేసరికి 120 డిగ్రీల దగ్గర ఉంటుంది. వేడెక్కిన గాలి పల్చబడుతుంది కాబట్టి ప్రెషరు రెట్టింపైనా సిలిండరులోకి చేరే బరువు ఒకటిన్నర రెట్లే. అందుకని మధ్యలో కూలరు పెడతారు. లారీకి రేడియేటర్ ముందు గాలితో చల్లబడేది, బోటుకి సముద్రపు నీళ్ళతో చల్లబడేది. ఆ గాలిని 50 డిగ్రీలకి దించితే బరువు 1.85 రెట్ల దాకా వస్తుంది. అంటే నీ ఆరు కిలోలు పదకొండు అవుతాయి. టర్బో, కూలరు కలిపి ఒకే పరికరం అనుకో. కూలరు లేని టర్బో సగం పని చేసి, మిగతా సగం వేడి తెచ్చి పిస్టన్ నెత్తిన పోస్తుంది.

పెట్రోల్ ఇంజిన్‌కంటే డీజిల్‌కి ఇది ఎందుకు బాగా ఒప్పుతుందో ఒక్క మాట. పెట్రోల్ సిలిండరులో నొక్కేది గాలి, పెట్రోల్ కలిసిన మిశ్రమాన్ని. ఎక్కువ నొక్కితే స్పార్కు మంట తన దాకా రాకముందే కొంత మిశ్రమం దానంతటదే అంటుకుని టకటకా కొడుతుంది. డీజిల్‌లో నొక్కేది ఒట్టి గాలిని, ఎంత నొక్కినా అంటుకోవడానికి అందులో ఏమీ లేదు. గాలి ఎక్కువైతే డీజిల్‌కి మంచిదే, మంట శుభ్రంగా ఉంటుంది, పొగ తగ్గుతుంది.

రైలు ఇంజిన్ ఉదాహరణ చెబుతాను, ఎందుకంటే గాలి పవరు నేను కళ్ళారా చూసింది అక్కడే. మనం చిన్నప్పటి నుంచీ చూసిన డబ్ల్యూడీఎం-2 లోకోలు 1962లో అమెరికాలోని ఆల్కో కంపెనీ నుంచి వచ్చాయి, తర్వాత వారణాసిలో తయారయ్యాయి. 16 సిలిండర్లు, 9 అంగుళాల బోరు, పదిన్నర అంగుళాల స్ట్రోకు, 2600 హార్స్‌పవర్. తర్వాత వచ్చిన డబ్ల్యూడీఎం-3ఏకి కూడా అవే 16 సిలిండర్లు, అదే బోరు, అదే స్ట్రోకు, కాని 3100 హార్స్‌పవర్. 3డీకి వచ్చేసరికి 3300. సిలిండరు ఒక్క మిల్లీమీటరు పెరగలేదు. మరి ఏం మారింది? మెరుగైన టర్బో వచ్చింది, ఆఫ్టర్‌కూలర్ (ఇందాక చెప్పిన గాలి కూలరే) పెద్దదైంది, ఫ్యుయల్ పంపులో డీజిల్ తోసే ప్లంజర్ లావైంది, పిస్టన్ నెత్తిన ఉక్కు టోపీ వచ్చింది. వరుస చూడు తమ్ముడూ. గాలి పెంచారు, పెంచిన గాలిని చల్లబరిచారు, దానికి సరిపడా డీజిల్ పెంచారు, ఆ మంట తట్టుకునే పిస్టన్ పెట్టారు. నాలుగూ కలిసి వచ్చాయి.

ఆ ఆల్కో ఇంజిన్ బండిని కదిలించేటప్పుడు డ్రైవరు నాచ్ (పవరు మెట్టు) పెంచగానే నల్లటి పొగ మేఘంలా లేచేది, ఒక్క నిమిషంలో పల్చబడేది. మర్రిపాలెం, దువ్వాడ వైపు ఉన్నవాళ్ళందరికీ ఆ దృశ్యం తెలుసు. ఇంజిన్‌కి ఎంత డీజిల్ వెళ్ళాలో చూసే గవర్నరు డీజిల్ వెంటనే పెంచుతుంది, టర్బో మాత్రం ఎగ్జాస్ట్ వేడెక్కి తనని తిప్పేదాకా వేగం అందుకోదు. ఆ మధ్యలో గాలి చాలదు. టర్బో లాగ్ అంటే అదే. దీన్ని అదుపులో పెట్టడానికే టర్బో ఇంజిన్ల పంపు మీద బూస్ట్ ప్రెషరు చూసి డీజిల్ వదిలే ఒక చిన్న డయాఫ్రం డబ్బా ఉంటుంది. మానిఫోల్డు నుంచి దానికి సన్నటి పైపు వెళుతుంది. గాలి వచ్చేదాకా డీజిల్ ఆపడం దాని పని. నీ పంపు మీద అది లేదు. సెకండ్ హ్యాండ్ టర్బో అమ్మేవాడు దాని ఊసే ఎత్తడు.

ఇప్పుడు బిగించొద్దని ఎందుకన్నానో చెబుతాను. ఇరవై ఏళ్ళ కిందటి మాట. నీలాంటి బోటే, నీలాంటి ఇంజినే. ఓనరు ఒక లారీ టర్బో తెచ్చాడు. కూలరు లేదు, పంపు మీద డయాఫ్రం లేదు. ఇంజిన్ బ్లాకు నుంచి టర్బోకి ఆయిల్ పైపు వేసింది నేనే. పంపు స్క్రూ ఇంకొకరు తెరిచారు. మూడు ట్రిప్పులు బ్రహ్మాండంగా వెళ్ళొచ్చింది, ఓనరు స్వీట్లు కూడా పంచాడు. నాలుగో ట్రిప్పులో భీమిలికి ఎదురుగా, వల నీళ్ళలో ఉండగా, ఇంజిన్ ఒక్కసారి మొరాయించి ఆగిపోయింది. ఇంకో బోటు తాడు కట్టి లాక్కొచ్చింది. హెడ్డు విప్పితే మూడో సిలిండరు పిస్టన్ నెత్తిన రూపాయి బిళ్ళంత చిల్లు. అంచులు మైనం కరిగినట్టు గుండ్రంగా ఉన్నాయి. సిలిండరు లోపలి తొడుగు, అంటే లైనరు, నిలువునా గీసుకుపోయింది. ఆ వారం వేట డబ్బు, పిస్టన్లు, లైనర్లు, క్రాంకు గ్రైండింగు, అన్నీ కలిపి ఆ కుటుంబం ఏడాదికి గాని తేరుకోలేదు. ఆ పైపు బిగించే రోజున నేను గట్టిగా వద్దని ఉండాల్సింది. అనలేదు. అందుకే ఇప్పుడు అడిగిన ప్రతివాడికీ ఇంత పొడుగు చెబుతాను.

అక్కడ జరిగిందేమిటంటే, టర్బో లేని పాత ఇంజిన్‌లో మంట ప్రెషరు 80, 90 బార్ల దగ్గర ఉంటుంది, ఇప్పటి టర్బో ఇంజిన్లలో 150 దాటుతుంది. కంపెనీ వాళ్ళు టర్బో ఇంజిన్ చేసేటప్పుడు కంప్రెషన్ రేషియో (పిస్టన్ గాలిని ఎన్ని రెట్లు నొక్కుతుందనే లెక్క) తగ్గిస్తారు, లేకపోతే ముందే నొక్కిన గాలిని మళ్ళీ అంతే నొక్కితే హెడ్డు బోల్టులు సాగుతాయి. పిస్టన్ అడుగున ఆయిల్ చిమ్మే జెట్లు పెడతారు. హెడ్డు గాస్కెట్టు, ఎగ్జాస్ట్ వాల్వుల లోహం, ఆయిల్ పంపు, ఆయిల్ కూలరు, నీళ్ళ పంపు, అన్నీ మారతాయి. పైనుంచి చూస్తే పక్క బోటు ఇంజినూ నీదీ కవలల్లా కనపడొచ్చు. లోపల అవి వేరు వేరు ఇంజిన్లు. నీకు నిజంగా టర్బో కావాలంటే డబ్బు కూడబెట్టుకుని, టర్బోతో, కూలరుతో, తగిన పంపుతో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మెరైన్ ఇంజిన్ మొత్తంగా మార్చు. వేరే దారి చెప్పడానికి నాకు మనసొప్పదు.

అలా మార్చినా ప్రొపెల్లర్ గురించి ఆలోచించకుండా మార్చకు. ప్రొపెల్లర్ ఆర్‌పీఎంని పది శాతం పెంచాలంటే మూడో వంతు ఎక్కువ పవరు కావాలి, నీళ్ళు అంత గట్టిగా ఎదురు తిరుగుతాయి. ఖాళీగా ఒడ్డుకి వచ్చేటప్పుడు 13, 14 మీటర్ల బోటు 8, 9 నాట్ల (గంటకి అన్ని సముద్రపు మైళ్ళ) వేగం దగ్గర తను లేపిన అలలోనే తాను చిక్కుకుంటుంది. అక్కడ నువ్వు రెట్టింపు హార్స్‌పవర్ పోసినా పెరిగేది డీజిల్ బిల్లే. టర్బో విలువ తెలిసేది వల లాగేటప్పుడు. రెండు మూడు నాట్ల వేగంలో ప్రొపెల్లర్ మీద బరువు నిండా పడుతుంది, ఇంజిన్ కిందికి లాగబడుతుంది. గాలి సరిపడా ఉన్న ఇంజిన్ ఆ బరువుని పట్టుకుని ఆర్‌పీఎం నిలబెట్టుకుంటుంది. మీ పక్క బోటులో నువ్వు చూసింది అదే. కొత్త ఇంజిన్ పవరుకి తగ్గట్టు గేర్‌బాక్సు, షాఫ్టు, ప్రొపెల్లర్ పిచ్ (రెక్కల వాలు) చూసుకోకపోతే అంత ఖర్చూ సగం నీళ్ళపాలు.

టర్బో డీజిల్ ఆదా చేస్తుందా అని కూడా అడిగావు. అంతే బలమిచ్చే టర్బో లేని పెద్ద ఇంజిన్‌తో పోలిస్తే కొంచెం చేస్తుంది. పిస్టన్ రింగుల రాపిడి, బేరింగుల రాపిడి ఇంజిన్ సైజుని బట్టి ఉంటాయి. అదే సైజు ఇంజిన్ ఎక్కువ పని చేస్తే ఒక్కో హార్స్‌పవర్ మీద పడే రాపిడి ఖర్చు తగ్గుతుంది. కాని ఎక్కువ బలం ఉంది కదా అని ఇంకా పెద్ద వల, ఇంకా వేగం అంటే ట్యాంకు ముందుకంటే త్వరగా ఖాళీ అవుతుంది.

రేపు టర్బో ఇంజిన్ కొన్నావనుకో, బోటులో దాన్ని చంపేవి రెండు. ఒకటి ఆయిల్. పొద్దున్నే స్టార్టు చేసి వెంటనే గట్టిగా లాగించొద్దు, ఆయిల్ ఆ బుష్‌ల దాకా చేరడానికి రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో (బరువు వేయకుండా నెమ్మదిగా) ఉంచు. జెట్టీకి చేరాక కూడా తాడు కట్టేదాకా, లెక్కలు చూసుకునేదాకా ఐడిల్‌లో తిరగనివ్వు. ఇంజిన్ ఠక్కున ఆపేస్తే ఆయిల్ పంపు ఆగిపోతుంది, టర్బో మాత్రం ఆ వేగంలో ఇంకా తిరుగుతూనే ఉంటుంది. అటు ఎర్రగా కాలిన చక్రం వేడంతా షాఫ్టులోకి పాకి, మిగిలిన ఆయిల్‌ని మాడ్చి బొగ్గు చేస్తుంది. రోజూ ఒక పొర. కొన్నాళ్ళకి ఆయిల్ దారి పూడుకుపోయి బుష్ పోతుంది. అప్పుడొచ్చేది నీలిపొగ.

రెండోది ఉప్పునీళ్ళు. ఒక టర్బో బోటు సాయంత్రం బాగానే వచ్చి కట్టుకుంది, తెల్లారి స్టార్టరు కొడితే క్రాంకు కదల్లేదు. బ్యాటరీ అన్నారు, స్టార్టరు మోటారు అన్నారు. నేను ఆఫ్టర్‌కూలర్ నుంచి మానిఫోల్డుకెళ్ళే గొట్టం విప్పి లోపల వేలు పెట్టి తిప్పాను. గోడకి గరుగ్గా తెల్లటి పొర అంటుకుంది. నాలిక్కి రాసుకుంటే ఉప్పు. కూలరులో ఒక ట్యూబుకి గుండుసూది మొనంత చిల్లు. రాత్రంతా చుక్క చుక్కగా సముద్రపు నీరు కారి, తెరిచి ఉన్న వాల్వులోంచి ఒక సిలిండరులో నిండింది. నీళ్ళు నొక్కుడుపడవు కదా, బలవంతంగా తిప్పి ఉంటే కనెక్టింగ్ రాడ్డు వంగేది. నాజిల్ విప్పి తిప్పితే సన్నటి ధారగా చిమ్మింది. ఆ కూలరులో ఉండాల్సిన జింకు కడ్డీలు ఎప్పుడో కరిగిపోయి మూతలు మాత్రం మిగిలాయి. జింకు తాను కరిగి ట్యూబులని కాపాడుతుంది. దాన్ని ప్రతి నిషేధంలోనూ విప్పి చూడాలి, సగం పోతే మార్చేయాలి.

సరే, ఇవన్నీ రేపటి సంగతులు. ఈ రెండు నెలల్లో నీ పాత ఇంజిన్‌కే గాలి పెంచే పని ఉంది. టర్బో లేని ఇంజిన్‌కి దారిలో పోయిన ప్రతి గ్రాము గాలీ నష్టమే. మొదట ఇంజిన్ రూము చూడు. ఫిల్టరు ఎక్కడి గాలి పీలుస్తోంది? చాలా సోనా బోట్లలో ఇంజిన్ రూములోంచే. వల లాగేటప్పుడు అలలు పడతాయని పైన హాచ్ మూసేస్తారు. లోపల 50 డిగ్రీలు దాటుతుంది. 30 డిగ్రీల గాలికంటే 50 డిగ్రీల గాలి ఆరు శాతం పల్చన. బలం ఎక్కువ కావాల్సిన సమయంలోనే ఆరు శాతం గాలి పోతోందన్నమాట. దానికి తోడు మూసిన గదిలో ఇంజిన్ నిమిషానికి ఆరు వేల లీటర్లు లాగుతుంటే లోపలికి వచ్చే దారి సన్నదైతే గదిలో ప్రెషరే పడిపోతుంది. బయటి నుంచి నీళ్ళు పడని చోట, మెడ వంచిన వెడల్పు గొట్టం ఒకటి దించి నేరుగా ఫిల్టరు దగ్గర వదిలించు. వెనక వైపు వేడి బయటికి పోవడానికి ఇంకొకటి. వెల్డరు ఒక రోజులో చేస్తాడు.

తర్వాత ఎయిర్ ఫిల్టరు. బోటులో దుమ్మేముంది అంటారు, కాని ఆయిల్ ఆవిరి, ఉప్పు తడి కలిసి జిగురులా పట్టేస్తుంది. తర్వాత సైలెన్సర్, మసి పట్టి లోపల దారి సన్నబడితే పాత పొగ సిలిండరులోంచి పూర్తిగా పోదు, పోకపోతే కొత్త గాలికి చోటుండదు. వాల్వు క్లియరెన్సులు పెట్టించు. నాజిళ్ళు టెస్ట్ బెంచి మీద పెట్టి చూపించు. బొట్లు కారే నాజిల్‌కి ఎంత గాలిచ్చినా పొగే. కంప్రెషన్ కూడా ఆరు సిలిండర్లకీ చూడమను. పంపు సీలు ఎవరైనా విప్పి స్క్రూ తెరిచి ఉంటే మళ్ళీ లెక్కకి పెట్టించు, బలం తగ్గుతుందేమోనని భయపడకు. పొగగా పోయే డీజిల్ ఏనాడూ వల లాగలేదు.

బోటు ఒడ్డెక్కించినప్పుడు అడుగున పట్టిన గుల్లలు, ప్రొపెల్లర్ రెక్కల మీది గుల్లలు గీకించు. రెక్క అంచులు వంగాయేమో చూసుకో. గరుకు ప్రొపెల్లర్ అదే లాగుడికి ఇంజిన్ చేత ఎక్కువ పని చేయిస్తుంది, అప్పుడూ నల్లపొగే వస్తుంది, నువ్వు తప్పంతా ఇంజిన్ మీదికి తోస్తావు.

ఇవన్నీ అయ్యాక, వేట తెరిచిన మొదటి ట్రిప్పులో రెండు థర్మామీటర్లు పెట్టు. ఒకటి ఫిల్టరు మూతి దగ్గర, ఒకటి ఎగ్జాస్ట్ మానిఫోల్డు దాటిన చోట. వల నీళ్ళలో ఉండి ఇంజిన్ నిండు బరువు మీద ఉన్నప్పుడు రెండూ ఎంత చూపిస్తున్నాయో, అప్పుడు ఆర్‌పీఎం ఎంతుందో, పొగ రంగేమిటో రాసి పంపు. ఇంజిన్ ప్లేటు ఫోటో, ప్రొపెల్లర్ వ్యాసం, పిచ్, గేర్‌బాక్సు రేషియో కూడా పంపు. అవి చూశాక ఇంజిన్ మార్చే అవసరం ఉందో, ప్రొపెల్లర్ మార్చితే చాలో చెబుతాను.